విశ్రాంత జీవితంలో మిత్రుని అనారోగ్యం: తరచుగా అడిగే ప్రశ్నలు

అనంతపురంలోనూ చుట్టుపక్కల ధర్మవరం, తాడిపత్రి, గుంతకల్లు వంటి పట్టణాల్లోనూ ఉద్యోగ విరమణ చేసి స్థిరపడినవారి కోసం ఈ ప్రశ్నోత్తరాలను సిద్ధం చేశాము. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల విరమణ వయసు 2022 జనవరి నుంచి 62 సంవత్సరాలైంది. పక్క కుర్చీలో ముప్పై ఏళ్లు పనిచేసిన మిత్రుడు కూడా దాదాపు అదే ఈడువాడై ఉంటాడు. ఇద్దరూ ఇంచుమించు ఒకేసారి ఇంటికి చేరతారు, ఒకేసారి జబ్బులు బయటపడే వయసులోకి అడుగుపెడతారు. విరమణ తరువాతి జీవితానికి వేసుకొన్న ప్రణాళికల్లో కూతురి పెళ్లికీ ఇంటి మరమ్మతుకూ చోటు ఉంటుంది కాని, మిత్రుని పక్షవాతానికి ఎవరూ చోటు పెట్టుకోరు. ఇక్కడి ప్రశ్నలన్నీ ఆ లోటు నుంచి పుట్టినవే.

జబ్బుపడిన మిత్రుణ్ణి చూసుకోవలసిన బాధ్యత చట్టప్రకారం నాకు ఉందా?

లేదు. 2007లో వచ్చిన తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం ఆ బాధ్యతను సంతానం మీద పెట్టింది. సంతానం లేని వృద్ధుల విషయంలో, వారి ఆస్తిని అనుభవిస్తున్న లేదా వారసత్వంగా పొందబోయే బంధువు మీద పెట్టింది. రెవెన్యూ డివిజనల్ అధికారి అధ్యక్షతన ఉండే ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేసుకొంటే, నెలకు రూ. 10,000 వరకు పోషణ ఖర్చు ఇవ్వాలని పిల్లలను ఆదేశించవచ్చు. ఈ చట్టంలో ఎక్కడా స్నేహితుని ప్రస్తావన లేదు.

అయితే ఈ సమాధానంతో మనశ్శాంతి పొందినవారిని మేము చూడలేదు. స్నేహం వల్ల వచ్చే బాధ్యత చట్టం రాసింది కాదు గనుక దానికి కొలత కూడా ఉండదు. అంతకంటే పెద్ద చిక్కు మరొకటి ఉంది: బాధ్యత మొత్తం నెత్తిన పడిన తరువాత కూడా ఆసుపత్రిలోనూ, బ్యాంకులోనూ, ఆదాయపు పన్ను లెక్కలోనూ స్నేహితుడు పరాయివాడే. కింద చెప్పబోయే జాగ్రత్తలలో చాలా భాగం, అధికారం లేని బాధ్యతను మోసేటప్పుడు తీసుకోవలసినవే.

ఆయనకు ఇద్దరు కొడుకులు ఉన్నారు. అయినా పని మొత్తం నా మీదికే ఎందుకు వస్తోంది?

కొడుకులలో ఒకరు బెంగళూరులో, ఒకరు అమెరికాలో ఉంటే, అనంతపురంలో అర్ధరాత్రి తలుపు తట్టగలిగే దూరంలో ఉన్నది మీరే. మీరు విరమణ పొందారు కనుక ఖాళీగా ఉన్నారని ఊరంతా అనుకొంటుంది. మొదటిరోజు మీరే 108కు ఫోన్ చేసి, మీరే ఆసుపత్రిలో చేర్చి, మీ ఫోన్ నంబరే అక్కడి రికార్డులో రాయించి ఉంటారు. ఆ తరువాత ఆసుపత్రివారు ఏ విషయానికైనా ఆ నంబరుకే ఫోన్ చేస్తారు. పిల్లలు "చిన్నాయనా, మీరుండారని ధైర్యంగా ఉండాము" అంటారు. ఆ మాటలో కృతజ్ఞత ఉన్నంత నిజంగా, పనిని అప్పగించడమూ ఉంది.

మొదటి వారంలో తాత్కాలికంగా తీసుకొన్న పాత్రే రెండో నెలకు శాశ్వతమైపోతుంది. కాబట్టి మిత్రుని ప్రాణాపాయం తప్పిన వెంటనే ఆసుపత్రి రికార్డులో కొడుకు నంబరును మొదటిదిగా, మీ నంబరును రెండోదిగా మార్పించండి. ఇది చిన్న పనిలాగే కనిపిస్తుంది గాని, నిర్ణయాలు ఎవరివో ఆసుపత్రికీ కుటుంబానికీ ఒకేసారి తెలిసేది దీనితోనే.

ఇది ఎంత కాలం సాగుతుందో ముందుగా అంచనా వేయవచ్చా?

జబ్బును బట్టి కొంతవరకు వేయవచ్చు. "ఎప్పుడు నయమవుతుంది" అని డాక్టరును అడిగితే "చూద్దాం" అన్న జవాబే వస్తుంది. "వచ్చే మూడు నెలల్లో ఈయనకు రోజుకు ఎన్ని గంటలు మరో మనిషి తోడు కావాలి, ఎన్నిసార్లు ఆసుపత్రికి తీసుకురావాలి" అని అడిగితే పనికివచ్చే సమాధానం దొరుకుతుంది.

పక్షవాతం వచ్చినవారిలో కోలుకోవడం మొదటి మూడు నెలల్లో వేగంగా ఉంటుంది. ఆరు నెలల తరువాత కూడా మెరుగుదల ఉంటుంది కాని నెమ్మదిస్తుంది. ఆ మొదటి నెలల్లో ఫిజియోథెరపీ మానకుండా చేయించడమే అసలు సహాయం. గుండెకు బైపాస్ శస్త్రచికిత్స జరిగితే, కోసిన రొమ్ము ఎముక అతుక్కోవడానికి రెండు, మూడు నెలలు పడుతుంది, అంతవరకు బరువులు ఎత్తకూడదు. అంటే ఇక్కడ మీ బాధ్యతకు ఒక ముగింపు కనిపిస్తోంది. క్యాన్సరులో కీమోథెరపీని సాధారణంగా రెండు, మూడు వారాల వ్యవధితో విడతలుగా ఇస్తారు. రేడియేషన్ అయితే వారానికి ఐదు రోజుల చొప్పున కొన్ని వారాలపాటు ఉంటుంది. కాబట్టి కీమోకు వెళ్లివస్తూ ఉండవచ్చు, రేడియేషన్‌కు మాత్రం ఆ ఊళ్లోనే బస చూసుకోవాలి. ఈ తేడా తెలియక రెండింటికీ తోడు వస్తానని ఒప్పుకొన్నవారు తరువాత ఇబ్బంది పడతారు.

మూత్రపిండాలు పూర్తిగా పాడైతే సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటల డయాలిసిస్ అవసరమవుతుంది. మార్పిడి జరిగితే తప్ప దీనికి అంతం లేదు. మతిమరుపు వ్యాధి ఏళ్ల తరబడి సాగుతుంది, రోజురోజుకూ పని పెరుగుతుంది తప్ప తగ్గదు. ఈ రెండింటిలోనూ "కొన్నాళ్లు చూసుకొంటాను" అని మాట ఇవ్వకండి. ఆ కొన్నాళ్లు ఎప్పటికీ పూర్తికావు. వారంలో ఏ రోజు, ఏ పూట మీది అన్నది మాత్రమే చెప్పండి.

ఒక పక్కమాట. మాట తడబడి, మూతి వంకరపోయి, చెయ్యి పడిపోయినప్పుడు "నేరుగా బెంగళూరుకే తీసుకుపోదాం" అనే అలవాటు మన ప్రాంతంలో బలంగా ఉంది. మెదడులో గడ్డను కరిగించే మందు లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపల ఇవ్వవలసినది. అనంతపురం నుంచి బెంగళూరు సుమారు 210 కిలోమీటర్లు. సీటీ స్కాన్ ఉన్న దగ్గరి ఆసుపత్రికి ముందు వెళ్లండి, పెద్ద ఆసుపత్రి సంగతి అక్కడి డాక్టర్లు చెప్తారు.

నా డబ్బు సంగతి తరువాత. ఆయనకు ఏ పథకాలు వర్తిస్తాయి?

ఇది అడగవలసిన క్రమంలోనే అడిగిన ప్రశ్న. చాలామంది ముందు తమ డిపాజిట్‌ను రద్దు చేసి, తరువాత మిత్రుని కార్డు వెతుకుతారు.

మిత్రుడు రాష్ట్ర ప్రభుత్వ పింఛనుదారు అయితే ఉద్యోగుల ఆరోగ్య పథకం కార్డు ఉంటుంది. ఆయనా, ఆయనపై ఆధారపడిన కుటుంబ సభ్యులూ దాని పరిధిలోకి వస్తారు. మీ కార్డు ఆయనకు పనికిరాదు. తెల్ల రేషను కార్డు స్థాయి కుటుంబమైతే ఆరోగ్యశ్రీ ఉంది. 2007 ఏప్రిల్‌లో ఆ పథకం ప్రయోగాత్మకంగా మొదలైన మూడు జిల్లాలలో అనంతపురం ఒకటి, కనుక ఇక్కడి పాతతరానికి దాని సంగతి బాగానే తెలుసు. ఇప్పుడు దాని పేరు ఎన్టీఆర్ వైద్య సేవ. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా కుటుంబానికి ఏడాదికి రూ. 5 లక్షల వరకు చికిత్స అందించేలా ఆయుష్మాన్ భారత్‌ను 2024 అక్టోబరు 29న విస్తరించారు. దానికి ఆధార్‌తో వయో వందన కార్డు తీయించుకోవాలి. పేద కుటుంబాలలో డయాలిసిస్ రోగులకు నెలకు రూ. 10,000, పూర్తిగా మంచాన పడినవారికి రూ. 15,000 చొప్పున ఎన్టీఆర్ భరోసా పింఛను అందుతుంది. ప్రభుత్వ పింఛను వచ్చే ఇంటికి ఇది రాదు.

ఆసుపత్రుల విషయంలో అనంతపురం సర్వజన ఆసుపత్రి, కర్నూలు సర్వజన ఆసుపత్రి, కడప రిమ్స్ ప్రభుత్వ రంగంలో ఉన్నాయి. బత్తలపల్లిలో ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు అనే స్వచ్ఛంద సంస్థ) ఆసుపత్రి ఉంది. పుట్టపర్తిలోని సత్యసాయి ఉన్నత వైద్య సంస్థలో చికిత్స ఉచితం. స్నేహితుడు చేయగలిగిన ఖరీదైన సాయం చాలాసార్లు డబ్బు కాదు. ఏ కౌంటరులో ఏ కాగితం ఇవ్వాలో తెలుసుకొని, ఆయన ఆధార్, కార్డు, పాత రిపోర్టులు ఒక ఫైలులో పెట్టి, వరుసలో నిలబడటమే. ఆఫీసులో జీవితమంతా ఫైళ్లు నడిపినవారికి ఇది చేతనైన పని.

విరమణ ప్రయోజనాలు ఇప్పుడే చేతికి వచ్చాయి. మిత్రుడు ఐదు లక్షలు అడుగుతున్నాడు. ఇవ్వవచ్చా?

ముందుగా ఆ డబ్బు ఎక్కడ ఉందో చూడండి. గ్రాట్యుటీనీ, కమ్యుటేషన్ (పింఛనులో కొంత భాగానికి బదులుగా ముందే ఒకేసారి ఇచ్చే) సొమ్మునూ చాలామంది పోస్టాఫీసులో వయోవృద్ధుల పొదుపు పథకంలో వేస్తారు. వడ్డీ 8.2 శాతం ఉన్నప్పుడు పది లక్షలకు మూడు నెలలకొకసారి రూ. 20,500 వస్తుంది. ఏడాది నిండకముందే ఖాతా మూసివేస్తే అప్పటిదాకా ఇచ్చిన వడ్డీని అసలులో నుంచి తిరిగి పట్టుకొంటారు. ఏడాది దాటి రెండేళ్ల లోపల అయితే ఒకటిన్నర శాతం, అంటే పది లక్షల మీద రూ. 15,000 తగ్గుతుంది. రెండేళ్లు దాటితే ఒక శాతం. ఆ ఖాతాలో కొంత భాగమే తీయడానికి వీలులేదు, దాన్ని తాకట్టు పెట్టి అప్పు తీసుకోవడానికీ వీలులేదు. ఇంకా డబ్బు వేయనివారు ఒకే పెద్ద ఖాతాకు బదులు రెండు, మూడు ఖాతాలుగా వేసుకోవడం మంచిది. ఒకటి మూసినా మిగిలినవి నిలుస్తాయి. బ్యాంకు ఫిక్స్‌డ్ డిపాజిట్ అయితే దాన్ని రద్దు చేయకుండా దానిమీద అప్పు తీసుకొనే సౌకర్యం ఉంది.

తరువాత, ఇచ్చేది సాయమా, అప్పా అన్నది ఇచ్చే రోజే మీలో మీరు తేల్చుకోండి. తిరిగి రాకపోయినా మీ భార్యాభర్తల మందులకూ, ఇంటి ఖర్చుకూ లోటు రాని మొత్తమైతే సాయంగా ఇచ్చి మరిచిపోండి. అంతకు మించినదైతే అప్పుగా, కాగితం మీద ఇవ్వండి. రెండింటికీ మధ్యస్థంగా "ఉన్నప్పుడు ఇస్తాడులే" అని ఇచ్చిన డబ్బు స్నేహాన్నీ నిలపదు, తిరిగీ రాదు.

పన్ను కోణం కూడా ఉంది. స్నేహితుడు ఆదాయపు పన్ను చట్టం చెప్పే "బంధువు" కాదు. బంధువులు కానివారి నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో రూ. 50,000 మించి బహుమతిగా అందితే, మించిన భాగం మాత్రమే కాక ఆ మొత్తమంతా తీసుకొన్నవారి ఆదాయంగా లెక్కకు వస్తుంది. అప్పుకు ఈ బెడద లేదు. కాని రూ. 20,000 అంతకు మించిన అప్పును నగదుగా పుచ్చుకోకూడదు. చెక్కు ద్వారానో బ్యాంకు బదిలీ ద్వారానో ఇవ్వాలి. ప్రోనోటు రాయించుకొంటే రెవెన్యూ స్టాంపు మీద సంతకం ఉండాలి, మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుందని గుర్తుంచుకోవాలి. జబ్బుపడిన మనిషితో నోటు రాయించుకోవడం మనసుకు కష్టమే. ఆయన కొడుకు రాసిస్తే ఇద్దరికీ మర్యాదగా ఉంటుంది.

డబ్బు వద్దు, బ్యాంకు అప్పుకు షూరిటీ సంతకం మాత్రం చేయమంటున్నారు. అది తేలికే కదా?

చేయకండి. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం జామీనుదారుని బాధ్యత అప్పు తీసుకొన్నవానితో సమానం. బ్యాంకు ముందు ఆయన్ని అడిగి, తరువాతే మిమ్మల్ని అడగాలన్న నియమం లేదు. ప్రభుత్వ పింఛనును కోర్టు జప్తు చేయదు గాని, ఇంటికీ డిపాజిట్లకూ ఆ రక్షణ లేదు. చీటీ పాటకు షూరిటీ కూడా ఇంతే. లక్ష రూపాయలు సాయంగా ఇవ్వడం ఐదు లక్షలకు సంతకం పెట్టడం కంటే అన్నివిధాలా మేలు.

ఆసుపత్రిలో కాగితాల మీద నన్ను సంతకం చేయమంటున్నారు.

చదివి చేయండి. ఒకే కట్టలో రెండు వేర్వేరు రకాల కాగితాలు ఉంటాయి. మొదటిది చికిత్సకు సమ్మతి. రోగి స్పృహలో ఉండి, మాట అర్థం చేసుకోగలిగితే ఆ సంతకం ఆయనదే కావాలి, కొడుకుది కూడా కాదు. స్పృహ లేనప్పుడు ఆసుపత్రులు దగ్గరి బంధువును అడుగుతాయి. ప్రాణం పోయే పరిస్థితిలో సంతకం కోసం ఆగకుండా చికిత్స చేసే వెసులుబాటు డాక్టర్లకు ఉంది. కాబట్టి "మీరు సంతకం చేయకపోతే మనిషి పోతాడు" అన్న ఒత్తిడికి లొంగనవసరం లేదు. కొడుకుతో ఫోనులో మాట్లాడించి, వాట్సాప్‌లో ఆయన అంగీకారం తెప్పించి, మీరు సాక్షిగా సంతకం చేయవచ్చు.

రెండోది బిల్లు చెల్లింపుకు హామీపత్రం. చేరికల కౌంటరులో ఇచ్చే ఫారంలో "రోగి తరఫున చెల్లింపు బాధ్యత వహించేవారు" అన్న గడి తరచుగా చిన్న అక్షరాలలో ఉంటుంది. అక్కడ కుటుంబ సభ్యుని పేరు రాయించండి. మీ పేరు ఉండవలసిన చోటు తోడు ఉన్న వ్యక్తి గడి మాత్రమే.

మిత్రుడికి భార్యాబిడ్డలు లేకపోతే ఈ సమస్య ఇంకా జటిలం. ఆరోగ్యంగా ఉన్నప్పుడే ముందస్తు వైద్య ఆదేశపత్రం రాసి ఉంచుకోవడానికి సుప్రీంకోర్టు 2018 మార్చిలో అనుమతించింది. 2023 జనవరిలో ఆ విధానాన్ని సులభం చేసి, ఇద్దరు సాక్షుల సమక్షంలో నోటరీ లేదా గెజిటెడ్ అధికారి ధ్రువీకరణ సరిపోతుందని చెప్పింది. కోలుకొనే అవకాశం లేని స్థితిలో కృత్రిమంగా ప్రాణం నిలిపే చికిత్స కొనసాగించాలా వద్దా అన్నదానికి ఇది పరిమితం. అయినా ఒంటరిగా ఉండే మిత్రునికి దీన్ని సూచించడంలో తప్పులేదు. మనలో గెజిటెడ్ హోదాలో పనిచేస్తున్నవారిని ఎరగనివారు తక్కువ.

ఆయన ఏటీఎం కార్డు, పిన్ నాకే ఇచ్చారు. మందులకు తీసుకొంటున్నాను. ఇబ్బంది ఉందా?

ఉంది. మీరు నిజాయతీగా తీసిన ప్రతి రూపాయికీ రుజువు మీ మాట మాత్రమే అవుతుంది. జబ్బుపడినవారి కోసం బ్యాంకుల్లో వేరే మార్గాలు ఉన్నాయి. సంతకం చేయలేనివారు వేలిముద్ర వేసి, ఇద్దరు స్వతంత్ర సాక్షులు ధ్రువీకరిస్తే, వారిలో ఒకరు బాధ్యతగల బ్యాంకు అధికారి అయితే, డబ్బు తీసుకొనేందుకు రిజర్వు బ్యాంకు నిబంధనలు అనుమతిస్తాయి. 70 ఏళ్లు దాటినవారికీ, కదలలేనివారికీ ఇంటివద్దనే సేవలు అందించాలని రిజర్వు బ్యాంకు 2017లో బ్యాంకులను ఆదేశించింది. భార్యతో కలిపి ఉమ్మడి ఖాతాగా మార్పించడం అన్నింటికంటే సులువు.

కొందరు స్నేహితుని పేర పవర్ ఆఫ్ అటార్నీ రాయిస్తారు. రాసిచ్చినవారు మతిస్థిమితం కోల్పోతే ఆ అధికారం చెల్లదని చాలామందికి తెలియదు. అంటే మతిమరుపు వ్యాధిలో, సరిగ్గా అవసరం పడే వేళకే అది పనికిరాకుండా పోతుంది.

పింఛను ఆగిపోకుండా చూడటం మాత్రం మీరు నిశ్చింతగా చేయగల పని. జీవన్ ప్రమాణ్ (పింఛనుదారు బతికి ఉన్నట్టు తెలిపే) ధ్రువపత్రాన్ని 2021 నవంబరు నుంచి స్మార్ట్‌ఫోనులో ముఖం గుర్తింపు ద్వారా ఇవ్వవచ్చు. మంచంలో ఉన్న మనిషిని ట్రెజరీదాకా మోసుకుపోవలసిన అవసరం లేదు.

మూత్రపిండం ఇవ్వమని ఆయన భార్య అడిగింది. ఏమి చెప్పాలి?

1994 నాటి మానవ అవయవాల మార్పిడి చట్టంలో దగ్గరి బంధువులంటే భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, సంతానం, తోబుట్టువులు. 2011 సవరణతో తాతలు, అమ్మమ్మలు, నానమ్మలు, మనుమలు కూడా చేరారు. మిగిలినవారు అభిమానంతో ఇవ్వదలిస్తే ప్రభుత్వ ఆమోద కమిటీ అనుమతి కావాలి. డబ్బు ప్రమేయం లేదని, ఒత్తిడి లేదని ఆ కమిటీ విచారించి నిర్ధారించుకొంటుంది. అరవై దాటి, రక్తపోటు లేదా మధుమేహం ఉన్న దాతను డాక్టర్లే చాలాసార్లు వద్దంటారు. ఇష్టం లేకపోతే ఆ మాటను విచారణలో ఏకాంతంగా చెప్పుకోవచ్చు. అంతవరకు వెళ్లకుండా "వదినా, అది నావల్ల కాదు" అని మొదటిరోజే చెప్పడం ఆమెకు కూడా మేలు చేస్తుంది. ఆమె వేరే దారి వెతుక్కోవడానికి సమయం మిగులుతుంది. ఈ ఒక్క విషయంలో సంజాయిషీ ఇవ్వవలసిన అవసరం ఎవరికీ లేదు.

చీనీ (బత్తాయి) తోట పెడదామనుకొన్నాను, కాశీ యాత్ర ఉంది, అమెరికాలో కూతురి కాన్పు ఉంది. అన్నీ వాయిదా వేయాలా?

మూడూ ఒక తీరు పనులు కావు.

కాన్పు తేదీ ఎవరికోసమూ ఆగదు. అది వెళ్లవలసినదే. పర్యాటక వీసా మీద సాధారణంగా ఆరు నెలల వరకు ఉండనిస్తారు కాని, ఆరు నెలలూ ఉండితీరాలని లేదు. మూడు నెలలు ఉండి వస్తానని మిత్రుని కుటుంబానికి ముందే తేదీతో చెప్పి, ఆ మూడు నెలలకు ఎవరు ఏ పని చూస్తారో పేర్లతో రాసిపెట్టి వెళ్లండి. కాశీ యాత్రను వాయిదా వేయవచ్చు, కాని "ఆయన బాగయ్యాక" అని కాకుండా ఫలానా నెలకు అని వాయిదా వేయండి. షరతు మీద వాయిదాపడిన యాత్ర సాధారణంగా జరగదు, తేదీ మీద వాయిదాపడినది జరుగుతుంది. యాత్ర ఒక్కటే అయితే భార్యను ముందు వెళ్లనివ్వడం కూడా ఒక మార్గమే. ఆమె జీవితమంతా మీ ఉద్యోగానికి సర్దుకొంది, ఇప్పుడు మీ మిత్రుని జబ్బుకు కూడా సర్దుకోవాలనడం న్యాయం కాదు.

తోట విషయం కొంచెం వివరంగా ఆలోచించాలి. చీనీ మొక్క నాటిన నాలుగైదేళ్లకు గాని కాపుకు రాదు. మొదటి రెండు వేసవులు మొక్క బతకడమే ప్రధానం, అప్పుడు మనిషి కళ్లముందు ఉండాలి. వారంలో మూడు రోజులు డయాలిసిస్ వార్డులో కూర్చొనేవారికి గార్లదిన్నె దగ్గర మొక్కలకు డ్రిప్పు చూసుకోవడం కుదరదు. అందుకని భూమిని వదిలేయనక్కరలేదు. బోరు, డ్రిప్పు, కంచె వంటి పనులను ఈ సంవత్సరం చేసుకొని, నాటడాన్ని వచ్చే వర్షాకాలానికి పెట్టుకోవచ్చు. ఆలోగా వేరుశనగకో కందికో గుత్తకు ఇవ్వవచ్చు. ఒక ఏడాది ఆలస్యమైతే మొదటి కాపు ఒక ఏడాది వెనక్కి జరుగుతుంది. నాటి చూసుకోకపోతే పెట్టుబడి మొత్తం పోతుంది.

వాయిదా వేయకూడనివి మీ సొంత వైద్య పరీక్షలు. మిత్రునికి రక్తపరీక్ష చేయించిన రోజునే మీకూ చేయించుకోండి.

నేను విశ్రాంత ఉపాధ్యాయురాలిని. నా స్నేహితురాలికి రొమ్ము క్యాన్సరు. మనవళ్లను చూసుకోవడానికి హైదరాబాదు రమ్మని కొడుకు ఒత్తిడి చేస్తున్నాడు.

ఈ ప్రశ్న స్త్రీల నుంచే వస్తుంది. మగవాడు మిత్రుని కోసం ఆసుపత్రిలో కూర్చొంటే "ఎంత మంచివాడు" అంటారు, ఆడమనిషి కూర్చొంటే "ఇంట్లో పని లేదా" అంటారు. విరమణ చేసిన మరుసటి రోజునుంచి ఆమె సమయాన్ని మనవళ్లకు కేటాయించేస్తారు, అడగకుండానే.

కీమో విడతల తేదీలు ముందే తెలుస్తాయి. ఆ తేదీల పట్టిక కొడుకు చేతికి ఇచ్చి, ఆ వారాల్లో మాత్రం రాలేనని, మిగిలిన వారాల్లో వస్తానని చెప్పండి. వ్యాధి ఎంత తీవ్రమో వివరించి జాలి పుట్టించే ప్రయత్నం వద్దు; తేదీలే మాట్లాడాలి. స్నేహితురాలికి మీతో పని కీమో మరుసటి మూడు, నాలుగు రోజులలో ఎక్కువ ఉంటుంది. అన్నం సయించదు, వాసనకే వాంతి వస్తుంది, ఆ తరువాత కూడా జ్వరం ఎప్పుడు వచ్చినా ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి చెప్పాలి, ఎందుకంటే సాధారణంగా కీమో అయిన వారం, రెండు వారాల మధ్య రక్తంలో తెల్లకణాలు బాగా తగ్గి ఇన్ఫెక్షన్ త్వరగా ముదురుతుంది. మిగిలిన పనికి మనిషిని పెట్టుకోవచ్చు. ఆమె పక్కన కూర్చొని స్కూలు కబుర్లు చెప్పడానికి జీతానికి మనిషి దొరకదు.

ఇంత చేసినా, ఆయన డబ్బు నేను తింటున్నానని పిల్లలకు అనుమానం. ఏమి చేయాలి?

ఒక నోటుపుస్తకం పెట్టి తేదీ, మొత్తం, దేనికి అన్న మూడు గడుల్లో రాయండి, బిల్లులు ఫోటో తీసి కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఆరోజే పెట్టండి. అనుమానం వచ్చాక లెక్క చూపితే సంజాయిషీ అవుతుంది, మొదటినుంచీ పెడుతూ ఉంటే అది అలవాటు. ఆ తరువాత కూడా అనుమానిస్తే డబ్బు పని వారికే అప్పగించి, మనిషిని చూడటానికి మాత్రం వెళ్లండి. పిల్లలు పూర్తిగా పట్టించుకోకపోతే వయోవృద్ధుల సహాయ నంబరు 14567కు ఫోన్ చేయవచ్చు. ట్రిబ్యునల్‌కు దరఖాస్తును మిత్రుడే పెట్టుకోవాలి, చేతకానప్పుడు ఆయన అధికారం ఇచ్చిన వ్యక్తి పెట్టవచ్చు.

ఇక నావల్ల కాదని ఎలా చెప్పాలి?

మిత్రునికి కాక, ముందు ఆయన పెద్దకొడుక్కి చెప్పండి. కనీసం ఒక నెల గడువు ఇచ్చి, ఏయే పనులు ఆపుతున్నారో, ఏవి కొనసాగిస్తారో వేరువేరుగా చెప్పండి. రాత్రి తోడు, ఎత్తి కూర్చోబెట్టడం, స్నానం చేయించడం వంటివి ఆపవచ్చు. అరవై దాటినవారి నడుముకు ఆ పని తగదు కూడా. ఆదివారం ఉదయం వెళ్లి పేపరు చదివి వినిపించడం ఆపవద్దు. రోగి ఎక్కువగా భయపడేది స్నేహితుడు రావడం మానేస్తాడనే, సేవ మానేస్తాడని కాదు.

మిత్రుడు మరణిస్తే నా చేతిలో ఉన్న కాగితాలు, అప్పు సంగతి ఏమిటి?

ఆ రోజునుంచి ఆయన ఖాతాను ముట్టుకోకూడదు, పిన్ తెలిసినా సరే. మరణం తరువాత ఖాతాలో పడిన పింఛనును ట్రెజరీ వెనక్కి అడుగుతుంది. పింఛను పత్రాలు, డిపాజిట్ రసీదులు, ఇంటి దస్తావేజులు ఏవి మీదగ్గర ఉన్నా జాబితా రాసి, భార్యకో కొడుక్కో ఇచ్చి సంతకం తీసుకోండి. కుటుంబ పింఛను దరఖాస్తుకు మరణ ధ్రువపత్రం కావాలి. ఆ ఫారం నింపడంలో మీ సాయం ఆమెకు నిజంగా అవసరమవుతుంది. అప్పు విషయంలో, చనిపోయినవారి బాకీకి వారసులు తమకు సంక్రమించిన ఆస్తి మేరకే బాధ్యులు. ప్రోనోటు ఉంటే కర్మకాండలు పూర్తయ్యాక, మూడేళ్ల గడువులోపల, కొడుకుతో నేరుగా మాట్లాడండి. ఆమెకు వచ్చే కుటుంబ పింఛను మీద మాత్రం కన్ను వేయకండి.